గోడలోపలి చివర

చెక్కల మీద వద్దు, ముందుకొచ్చి నా పక్కన కూచో అన్నాడు బండి డ్రైవరు. మంచివాడే. కానీ ముందు కూచుంటే మాట్లాడాలి, ఎంత ఎత్తునుంచి పడ్డాడు, పెళ్లయిందా, ఎంతమంది అన్నదమ్ములు, అందుకని వెనకే ఎక్కాను, టేకు పలకల దొంతర మీద, ఒక చేత్తో తాడు పట్టుకుని, ఒళ్లో పాలిథిన్ కవరు పెట్టుకుని. కవర్లో నూకరాజు బెల్టు, సెల్లు, ఒక ఇత్తడి గజ్జె. బెల్టూ గజ్జే ఆస్పత్రిలో ఇచ్చారు, సెల్లు నేనే మేడ మీంచి తెచ్చాను. చొక్కా కత్తిరించేశామన్నారు. బండి గతుకులో పడ్డప్పుడల్లా గజ్జె ఒక్కసారి మోగి ఊరుకుంటోంది. నిన్నటి దాకా నా కింద ఉన్న ఈ చెక్కలు విజయనగరంలో ఒక పాత మేడ మీద నేల, నూకరాజు నా భార్య ఉష తమ్ముడు, నేను పాత కలప విప్పే మేస్త్రీని. ఈ పొద్దున పదిన్నరకి నూకరాజు మృతుడయ్యాడు. మృతుడు తన అజాగ్రత్త వలన కాలు జారి క్రిందపడి అని కాగితం మీద రాశారు, రాసింది నేను కాదు, కింద సంతకం మాత్రం నాది. ఇంకో గంటలో మా అత్త బుల్లమ్మ ముందు నిలబడాలి. కొడుక్కి కాలు విరిగిందని మాత్రమే ఆమెకి తెలుసు. కాగితంలో ఉన్నది చెప్పనా, మేడ మీద జరిగింది చెప్పనా, నాతవలస వచ్చేసింది, ఇంకా ఏదీ తేల్చుకోలేదు.

హైవే ఎక్కాక గాలి జోరందుకుంది. ఎండ నెత్తిన ఉంది. చెక్కలు కదలడం లేదు, బాగా కట్టాం, నిన్న సాయంత్రం నేనూ వాడూ కలిసి కట్టిన కట్టు ఇది, నేను బిగించి లాగితే వాడు ముడి వేశాడు, వాడి ముడి వాడికి తప్ప రాదు, పదేళ్లప్పుడే వల ముళ్లు వేసిన చెయ్యి, శ్రీకాకుళంలో దింపేటప్పుడు ఎవరు విప్పుతారో, విప్పరు, కోసేస్తారు. ప్రతి పలక అడుగునా సుద్దతో అంకె వేసింది కూడా వాడే. ఏ పలక పక్కన ఏ పలక ఉండేదో తెలియకపోతే మళ్లీ అతకవు, ఒకదాని అంచున నాలుక ఉంటుంది, పక్కదానికి గాడి ఉంటుంది, నూరేళ్లు కలిసి ఉన్నవి ఇంకోదాంట్లో దూరమంటే దూరవు. నేల విప్పడమంటే పీకడం అనుకుంటారు జనం. పైనుంచి గునపం గుచ్చి లాగితే పలక నిలువునా చీలిపోతుంది, ఇక పొయ్యిలోకే. కిందకి గునపం దూర్చి, మేకు ఎక్కడుందో అక్కడే, నెమ్మదిగా, పసిపిల్లని లేపినట్టు లేపాలి, మేకు కీచుమంటుంది, ఆగాలి, మళ్లీ లేపాలి. కోపిష్టి పనికిరాడు. నేను కోపిష్టినే, కానీ చెక్క దగ్గర కాదు. ఇన్ని తెలుసు నాకు. ఒక్కటి తెలియలేదు. ఈ చెక్కల్ని శ్రీకాకుళంలో ఏదో హోటల్లో గోడలకి బిగిస్తారట, అందానికట. మంచిదే, ఇక వీటి మీద ఎవడూ కాలు వెయ్యడు.

అదిగో, వాడి సెల్లు. కవర్లో వెలుగుతోంది, మోగుతోంది, తొడ మీద వణుకుతోంది. అమ్మ అని ఉంది. రణస్థలంలో చేపలమ్ముకుని ఇంటికొచ్చుంటుంది, కాళ్లు కడుక్కోకుండానే చేసుంటుంది. నా సెల్లు ఆస్పత్రిలోనే ఆపేశాను, ఉష మూడోసారి అడిగినప్పుడు, ‘ఏ కాలు ఇరిగింది, ఎడమదా కుడిదా’ అని. ఎడమది అన్నాను. నోటికేది వస్తే అదన్నాను. కానీ వీడిది ఆపడానికి చెయ్యి రావడం లేదు. పొద్దున దీన్ని చొక్కా జేబులోంచి తీసి కిటికీలో పెట్టాడు, పని దగ్గర సెల్లు ఒంటి మీద ఉండకూడదన్నది నేను పెట్టిన నియమమే. వాడు పడ్డాడు, ఇరవై అడుగులు, రాతి నేల మీదికి, ఇది కిటికీలో భద్రంగా ఉంది. ఆగింది. మళ్లీ చేస్తుంది, బుల్లమ్మ ఒక్కసారితో ఊరుకునే మనిషి కాదు.

ఊరుకునే మనిషైతే వాడు ఈపాటికి గుజరాత్‌లో వేరావల్ దగ్గర ఏదో బోటు మీద ఉండేవాడు, మా జాలర్ల పేటలో వాడి ఈడు వాళ్లందరూ అక్కడే. బ్యాగు సర్దుకున్నాడు, రైలు టిక్కెట్టు తీసుకున్నాడు, బుల్లమ్మ ఆ బ్యాగు తీసుకెళ్లి నూతి గట్టు మీద కుమ్మరించింది. ఆమె మొగుడు తుఫానుకి పోయి పదమూడేళ్లు, ఒళ్లు దొరకలేదు, ఆ రోజు నుంచి సముద్రం వైపు గుమ్మం మూసేసి వెనక గుమ్మాన్నే వాడుతుంది. నా చెయ్యి పట్టుకుని, పేటంతా చూస్తుండగా అంది, ‘అల్లుడూ, ఈణ్ని నీతో తీసుకుపో. సంద్రం నమ్మీది కాదు. నువ్ సేసీది నేల మీద పని. నీ కాడుంటే నాకు బెంగ నేదు.’ నేల మీద పని! నేల విప్పే పని అత్తా అది, నేల ఉన్నంతసేపే నేల, విప్పడం మొదలెట్టాక అదీ సముద్రమే. ఆ మాట ఆరోజు అనలేదు. గొప్పగా అనిపించింది మరి, మా పేటలో ఒక ఆడది నన్ను నమ్మి కొడుకుని అప్పజెప్పింది. తల ఊపాను.

మందుల ఫ్యాక్టరీల వాసన, పైడిభీమవరం కాబోలు. ముక్కు మూసుకుంటే చేతికి టేకు వాసన. మా నాన్న సూరయ్య చేతులకీ ఇదే వాసన ఉండేది, కొంచెం గుగ్గిలం కూడా కలిసి. పడవలు బాగుచేసేవాడు. కర్ర పడవలు పోయి ఫైబరు పడవలొచ్చాక ఉలి పక్కన పెట్టి మంచం ఎక్కాడు, నేను ఉలి తీసుకుని పాత ఇళ్లు ఎక్కాను. పడవ పని నేర్చినవాడికి ఇంటి పని ఒక లెక్కా అనుకున్నాను. నాన్న సుత్తి వెనకవైపుతో పడవ పొట్ట మీద కొట్టి చెవి ఆనించేవాడు. ‘తట్టి అడగాల, సెక్క అబద్దమాడదు,’ అనేవాడు. ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే పుచ్చింది. ఆ చెవి నాకు వచ్చింది. మిగతావాళ్లు దూలాన్ని గోడ దగ్గర ఉలితో పొడిచి చూస్తారు, ఇంటి వడ్రంగులు, చూసి నవ్వుకునేవాణ్ని, చెవి లేనివాడు పొడుచుకుంటాడు అని. పడవకి చివరలు దాగవు. మొదటినుంచి చివరదాకా ఎండలో, కళ్ల ముందు ఉంటుంది, నడుమ తడితే మొత్తం చెబుతుంది. ఇంటి దూలం అలా కాదు. దాని చివర జానెడు గోడలో ఉంటుంది, సున్నంలో, చెమ్మలో, ఎవరికీ కనపడకుండా. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నా పేరు ఈశ్వరే, పట్టలేదు.

చెప్పినవాడు లేక కాదు. జానకిరామయ్యగారు చెప్పారు. ఆ మేడ వాళ్లదే, ఆ హాల్లోనే ముప్పై ఏళ్లు సంగీతం చెప్పారట, ఆయన తండ్రీ అక్కడే చెప్పాడట, కింద అద్దెలకిచ్చి పైన పాఠాలు. కొన్నవాళ్లు మేడ కూల్చేస్తున్నారని చూడ్డానికి మొన్న వచ్చి, కర్ర ఆనించుకుని గుమ్మంలో నిలబడ్డారు. ‘ఈ చెక్క మీద కాలితో తాళం వేస్తే తంబూరాకి కూడా తెలిసేది నాయనా,’ అన్నారు. నూకరాజు వెంటనే మడమతో దబదబా కొట్టి చూశాడు, నిజమే, హాలంతా మోగింది, ఇద్దరూ నవ్వారు. తర్వాత ఆయన పడమటి మూలకేసి కర్ర చూపించి, ‘వానాకాలం ఆ గోడ చెమ్మగిల్లేది. పిల్లల చాపలు ఇటు జరుపుకునేవాళ్లం,’ అన్నారు. విన్నాను. ముసలాయన పాత రోజులు తలుచుకుంటున్నాడు అనుకున్నాను, మా పనికి ఆలస్యం అవుతోంది అనుకున్నాను. ఆయన చెప్పింది పాట గురించి కాదు, గోడ గురించి, నాకోసమే చెప్పాడు పాపం, నేను మాత్రం ఎప్పుడు వెళ్తాడా అని చూశాను.

మళ్లీ మోగుతోంది. అమ్మ. మోగనీ. వాడు ఈ గజ్జె ఎందుకు దాచాడో తెలుసు నాకు. పలకల కింద ఎప్పుడూ ఏవో దొరుకుతాయి, పిన్నీసులు, గాజుముక్కలు, బలపాలు, ఈసారి గజ్జె, ఏ పిల్ల కాలినుంచి తెగిందో. నా కూతురికి ఇస్తానని తుడిచి జేబులో వేసుకున్నాడు. ‘మేనగోడలు గజ్జెలు కట్టుకుని పేటలో తిరిగితే నన్నెవుడూ పట్టలేడు బావా,’ అన్నాడు. ఒక్క గజ్జెతో ఏం కట్టుకుంటుందిరా అంటే, మిగతావి కూడా ఈ నేల కిందే ఉంటాయన్నాడు. ఉండే ఉంటాయి. ఇంకా మూడు వరసలు విప్పలేదు.

అడక్కుండా కాలు వెయ్యకూడదన్న నియమం కూడా నాదే. మొదటిరోజు, చీపురుపల్లిలో ఒక కచేరీ చావడి విప్పేటప్పుడు, ‘ఒరే నూకా, నన్నడక్కుండా ఎక్కడా కాలెయ్యకు, పలక మీదైనా, దూలం మీదైనా, నేను ఎయ్యి అన్నాకే ఎయ్యి,’ అన్నాను. వాడు దాన్ని పాటలా పట్టుకున్నాడు. ‘బావా, ఎయ్యనా?’ ఎయ్యి. ‘బావా, ఎయ్యనా?’ ఎయ్యి. రోజుకి నూరుసార్లు. తర్వాత ఆటపట్టించడం మొదలెట్టాడు, ఇంటికొచ్చినా అదే, గడప దగ్గర ఆగి ఒక కాలు గాల్లో ఎత్తి ‘బావా, ఎయ్యనా?’, అన్నం దగ్గర పీట ముందు నిలబడి ‘బావా, ఎయ్యనా?’, ఉష గరిటె విసిరేది, బుల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది, మొగుడు పోయాక ఆమె అలా నవ్వింది ఆ మాటకే. ఒకసారి చిరాకు పడి, చాల్లేరా అన్నాను. అప్పుడు నవ్వడం మానేసి, ‘నేదు బావా, మరిసిపోకుండా అలవాటు సేసుకుంతన్నాను,’ అన్నాడు. అంత నిజంగా పాటించాడు వాడు. మూడేళ్లలో ఒక్కసారి అడక్కుండా కాలు వెయ్యలేదు.

ఈ పొద్దున కూడా. పడమటి మూల నాలుగు పలకలు అటువైపు నుంచి లేపాలి, అటు వెళ్లాలంటే అప్పటికే పలకలు తీసేసిన దూలం మీద నుంచి రెండడుగులు వెయ్యాలి. వాడు నిలబడ్డాడు, కుడి కాలు ఎత్తి. కింద వీధిలో పాలవాడి హారన్. కిటికీలోంచి ఎండ దుమ్ములో పడుతోంది. నేను వంగి దూలం నడుమ సుత్తితో కొట్టాను. ఖంగుమంది. ఎంత బాగా ఖంగుమందంటే నాన్న గుర్తొచ్చాడు, ఒక్క క్షణం సంతోషం వేసింది నాకు. ‘బావా, ఎయ్యనా?’ ఎయ్యి. రెండో అడుగుకి గోడలోంచి దూలం చివర ఊడి వచ్చేసింది, చప్పుడు కూడా లేదు, మెత్తగా, వాడు బావా అని కూడా అనలేదు, నావైపు చూశాడు అంతే. కిందకి పరిగెత్తాను. దూలం వాడి మీద అడ్డంగా ఉంది. దాని చివర వేలు పెట్టాను, ఎందుకు పెట్టానో, వాణ్ని లేపాల్సింది పోయి, వేలు లోపలికి దిగిపోయింది, గోధుమరంగు పొడి రాలింది, నశ్యంలాగ. ఉలితో ఒక్క పోటు. గోడ దగ్గర ఒక్క పోటు పొడిచి ఉంటే తెలిసిపోయేది.

తర్వాత ఆస్పత్రి, తెల్ల గుడ్డ, శ్రీనాథ్. పని ఇచ్చిన కాంట్రాక్టరు, నాకంటే చిన్నవాడు, మంచి చొక్కా, భుజం మీద చెయ్యి వేసి మూలకి తీసుకెళ్లాడు. ‘సూడు ఈశ్వర్, మేస్త్రీవి నువ్వు. ఎవరు ఎక్కమన్నారు అని మొదట అడిగేది నిన్నే. కేసు నీ మీద పడతాది. పిల్లున్నాది నీకు. ఆడే జారినాడని రాయిద్దాం, పోయినోడికి ఏ కేసూ ఉండదు కదా.’ పోయినవాడికి కేసు ఉండదు. ఎంత చక్కగా చెప్పాడు. తల ఊపలేదు, కలం ఇస్తే సంతకం పెట్టాను. భయం వేసింది. ఇంకేం లేదు, భయం వేసింది, నూకరాజు గుడ్డ కింద ఉంటే నేను నాకోసం భయపడ్డాను. కాగితం రాసిన కానిస్టేబులు చదివి వినిపిస్తుంటే మృతుడు అన్నచోట ఎవరా అనిపించింది. ఒంటిని అప్పజెప్పాలంటే తల్లి రావాలన్నారు, నువ్వే వెళ్లి తీసుకురా అన్నారు, ఇద్దరు పనివాళ్లు వాడి దగ్గర కూచున్నారు, చెక్కల బండి ఎలాగూ అటే పోతోంది కదా అని శ్రీనాథే ఎక్కించాడు. సాయంత్రం అదే కాగితం మీద బుల్లమ్మ వేలిముద్ర వేస్తుంది. నా సంతకం పక్కనే. ఆమెకి చదవడం రాదు, ఏం రాసుందని నన్నే అడుగుతుంది.

రణస్థలం దాటి కుడికి తిరిగాం. జీడితోటలు, ఆ తర్వాత సరుగుడు, ఇసక రోడ్డు, ఉప్పుగాలి మొహానికి తగిలింది. కాలు జారింది అంటే ఏమవుతుంది. ఏడుస్తుంది, విధి అంటుంది, నా కూతురు తండ్రి దగ్గరే పెరుగుతుంది, ఉష నాకు అన్నం పెడుతుంది. నేనే చెప్పానంటే? ఉష నా మొహం చూడదు, పేటలో నీళ్లు ఇవ్వరు, శ్రీనాథ్ చెప్పిన కేసు కూడా. అబద్ధం చెప్పడానికే తయారయ్యాను, ఒప్పుకోవాలి, మొదటి ఇల్లు కనపడేసరికి ఆ మాట నోట్లో తయారుగా ఉంది, కాలు జారింది, కాలు జారింది, రెండు మాటలే కదా. చేతులు కాలాక ఆకులు. బండి ఆగింది. దిగేటప్పుడు గజ్జె మోగింది.

బుల్లమ్మ గడప మీద కూచుని ఉంది. పక్కన ఖాళీ గంప, చేతులకి ఇంకా చేప పొలుసులు, ఒళ్లో సెల్లు. వెనక ఉష ద్వారబంధం పట్టుకుని నిలబడింది. ఇద్దరూ బండిలోకి చూశారు, వాడు చెక్కల మీద పడుకుని వచ్చాడేమోనని.

‘ఆడు ఫోనెత్తడేటి అల్లుడా? మాటాడ్డానికి కూడా ఓపిక నేదా?’

‘నూకడు పోనాడత్తా,’ అన్నాను.

ఉష అరుపుకి పక్కిళ్ల వాళ్లు బయటికి వచ్చారు. బుల్లమ్మ అరవలేదు. చేతుల మీది పొలుసులు ఒక్కొక్కటే గిల్లడం మొదలెట్టింది. చాలాసేపు గిల్లింది.

‘ఎలగ?’

‘కాలు జారిందత్తా.’

వచ్చేసింది, తేలిగ్గానే వచ్చేసింది. ఆమె తల ఎత్తింది. కళ్లల్లో నీళ్లు లేవు, నామీద అనుమానం కూడా లేదు, ఏదో అర్థం కానట్టు చూసింది.

‘ఆడు కాలెట్టేముందు నిన్నడగనేదా?’

నేను కవరు మూతి మెలిపెట్టాను.

‘ఈ గడప దాటాలన్నా అడిగీవోడు. పీట మీద కూకోవాలన్నా అడిగీవోడు. అంతెత్తు మీద అడగనేదా? మరిసిపోనాడా నా కొడుకు?’

అదే ఆమెకి తెలియాల్సింది. కొడుకు ఎలా పోయాడన్నది కాదు, చెప్పిన మాట తప్పి పోయాడా అన్నది. అడగలేదు అంటే ఆమె బతికినన్నాళ్లూ వాణ్ని తిడుతుంది, ఒక్క మాట అడిగుంటే బతికేవాడివి కదరా అని. మూడేళ్లలో ఒక్కసారి తప్పని వాణ్ని. కవరు ఆమె పక్కన కింద పెట్టాను.

‘అడిగాడత్తా,’ అన్నాను. ‘ఆడు మరవనేదు. బావా ఎయ్యనా అని అడిగాడు. నేనే దూలం తట్టి సూసి ఎయ్యమన్నాను. గోడలోపల పుచ్చిపోయున్నాది, నేను సూడనేదు. జారినాడని కాయితం రాసినారు, దాని మీద నేను సంతకం ఎట్టీసినాను.’

ఉష ఏడుపు ఆగిపోయింది. పక్కిళ్ల వాళ్లలో ఎవరో ఏదో అన్నారు. బుల్లమ్మ కవరు విప్పి బెల్టు తీసి ఒళ్లో పెట్టుకుంది, గజ్జెని అరచేతిలో పెట్టుకుని చూసింది, ఇదేమిటని అడగలేదు. ‘అడిగాడు,’ అంది తనలో తనే. మళ్లీ, ‘అడిగాడు,’ అంది. అప్పుడు ఏడ్చింది.

బండి డ్రైవరు, లోడు దింపాలి, ఆలస్యం అవుతోంది అని హారన్ కొట్టాడు. నేను గడప బయట నిలబడి ఉన్నాను. ఇది నా అత్తవారిల్లు, నా కూతురు లోపల నిద్రపోతోంది. లోపలికి కాలు వెయ్యనా అని అడగాలి. అడగడానికి నాకు నోరు రాలేదు.